రాళ్ళమంద

మూడున్నరేళ్ళు నిండినా
ఇవేల్ నోట ఒక్క మాట లేదు.

నా సంచిలో ఇరవై నాలుగు బొమ్మల కార్డులున్నాయి.
బంతి, గొడుగు, రైలు, అరటిపండు,
అన్నీ రాజధానిలో అచ్చయినవి.
ఒక్కొక్కటే వాడి ముందు పెట్టి
"ఇదేమిటి?" అన్నాను.
వాడు అరటిపండును చూశాడు.
నన్ను చూశాడు.
ఉన్నిగుడారం నెత్తిమీది గుండ్రటి కంతలోంచి
జరిగిపోతున్న మబ్బును
చాలాసేపు చూశాడు.

రిజిస్టర్లో రాసుకున్నాను: జవాబు లేదు.

లారీలో బడిని మడిచి పెట్టుకుని
మంగోలియా పచ్చికల్లో తిరిగే టీచర్ని నేను.
ఈ లోయలో మూడు వారాలు, ఆ లోయలో మూడు వారాలు.
చెవుల్లో లోపమేం లేదు వాడికి.
దూరాన గుర్రం సకిలిస్తే
అందరికంటే ముందు తిరిగేది వాడి తలే.
నాన్నమ్మ డొల్గొర్ నా గిన్నెలో ఉప్పు టీ పోస్తూ
"పాలైనా మాటైనా
పిండితే రాదమ్మా, చేపాలి" అంది.
ముసలివాళ్ళ మాట కదా అని తలూపాను.

గుడారం వెనక వాడి అక్క అనుజిన్,
ఆరేళ్ళది, ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది,
వాగులోంచి గౌను నిండా రాళ్ళేరుకొచ్చింది.
తెల్లవి గొర్రెలు. నల్లవి మేకలు.
ఎర్రమచ్చల రాయి ఒక్కటే ఆవు.
తెగిన చెప్పు కుక్క.
"ఇది కుంటిది, నువ్వే చూసుకోవాలి" అని
ఒకవైపు పగిలిన తెల్లరాయి
తమ్ముడి చేతిలో పెట్టింది.
ఇదేమిటి అని ఒక్కసారీ అడగలేదు.
"నీ కుక్క ఏమంటోంది?" అనేది,
ఆగేది,
"సరేలే, నిద్రపోతోంది" అనేది.
రోజుకు యాభై సార్లైనా ఆగి ఉంటుంది అలా,
వాడి కోసం తలుపు కొంచెం తీసి పెట్టినట్టు.

పదో రోజు వడగళ్ళు కురిసి వెలిశాయి.
కుంటి గొర్రె ఈనింది.
పిల్ల, చిక్కుడుగింజంత గులకరాయి.
"తల్లి రానివ్వటం లేదు దీన్ని," అంది అనుజిన్
పెద్దవాళ్ళు పెట్టే దిగులు మొహం పెట్టి.
తల్లి కాదన్న గొర్రెపిల్లను దగ్గర చేయడానికి
ఇక్కడి ఆడవాళ్ళు పాడతారు.
తొయిగ్, తొయిగ్, తొయిగ్,
తల్లి మనసు కరిగేదాకా, పాలు దిగేదాకా.
అనుజిన్ ఎత్తుకుంది. తొయిగ్, తొయిగ్...
అంతలో వాళ్ళమ్మ పిడకలకి కేకేసింది.
రాగం సగంలో వదిలేసి పరుగెత్తింది పిల్ల.

ఇవేల్ అక్క వెళ్ళిన వైపు చూశాడు.
రాయిని చూశాడు.
గులకరాయిని వేలితో జరిపాడు,
తల్లి పొట్ట కిందికి.
తల్లి రాయి కదా, ఊరకే ఉంది.
పిల్ల ఆకలిగా ఉంది.
ఇంకెవరూ లేరు.

"తొ," అన్నాడు.

తుప్పు పట్టిన గడియ కదిలినట్టుంది గొంతు.
"తొయ్... తొయిగ్."

లేవబోయాను, చప్పట్లు కొట్టబోయాను.
డొల్గొర్ నా మోకాలు గట్టిగా నొక్కింది.
ఇద్దరం రాళ్ళలాగే కూర్చున్నాం.
వాడు పాడుతూనే ఉన్నాడు
గులకరాయి కడుపు నిండేదాకా.

రిజిస్టర్లో ఒక గడి ఉంది: మొదటి మాట.
పక్కనే ఇంకో గడి: అర్థం.
తొయిగ్‌కు అర్థమేం రాయను?
అది గొర్రెలకు తప్ప ఎవరికీ అక్కర్లేని మాట.
గడి ఖాళీగా వదిలేశాను.

లారీ ఎక్కే రోజుకు
"నాది" వచ్చింది, "వద్దు" వచ్చింది,
"కుంటిది" వచ్చింది.
అరటిపండు రాలేదు.

తర్వాతి లోయలో సంచి విప్పితే
కార్డుల మధ్య చల్లగా ఏదో తగిలింది.
తెల్లటిది, ఒకవైపు పగిలింది.
ఇచ్చాడో, చూసుకొమ్మని అప్పగించాడో తెలీదు.
పొద్దున్నే గడ్డిలోకి తీసుకెళ్తున్నాను,
మేతకి.